ఒకరింట చెయ్యి కడగడం

మా ముత్తాత గోవర్ధన పట్నాయకులు గారు ఎస్టేటు కచేరీలో సిరస్తాదారు. అంతకు ముందు ఆయన తండ్రిదీ అదే ఉద్యోగం. మా తాత లింగరాజు పట్నాయకులు గారి కాలానికి పదవి పేరు మారింది గాని, ఆయన సవారీ బండి పర్లాకిమిడి దారిలో వస్తుంటే ఎదురుబళ్ళు పక్కకు దిగి ఆగడం మారలేదు. శిష్టకరణాలం. ఎస్టేటు లెక్కలు మా చేతి మీదుగా నడిచినన్నాళ్ళూ రాజుగారి మాట తర్వాత మా మాటే. ఇవన్నీ గొప్పలకు చెప్పడం లేదు. ఉన్నదాన్ని ఉన్నట్టు చెబుతున్నాను. ఎస్టేట్లు రద్దయ్యాక మా నాన్న బలభద్ర పట్నాయకులు గారికి మిగిలింది ఒక పెద్ద ఇల్లు, నీళ్ళు సరిగా అందని కొంత పొలం, రెండు నియమాలు. మొదటిది: పరాయి మనిషి ఒకడు పక్కన విస్తరి ముందు కూర్చుంటే గాని ఆ ఇంటి మగవాడు మధ్యాహ్నం అన్నం కలపకూడదు. రెండోది: వియ్యాలవారింట తప్ప మనవాళ్ళు ఒకరింట చెయ్యి కడగకూడదు. మనం పెట్టేవాళ్ళం. ఒకరు పెడితే తినేవాళ్ళం కాదు. మా తాత ఈ రెండూ పాటించడానికి పెద్దగా కష్టపడలేదు. ఆయన పంక్తిలో రోజూ ఇరవై మంది దాకా ఉండేవారట. మా నాన్న మాత్రం కష్టపడ్డారు.

నాకు బాగా గుర్తున్న మా ఇంటి మధ్యాహ్నం ఇలా ఉండేది. మా అమ్మ వంట ముగించి, కట్టెలు వెనక్కి లాగి, పొయ్యి మీద చారు మాత్రం ఉంచేది. ఇంగువ వాసన వీధిదాకా వచ్చేది. నాన్న స్నానం చేసి, ఉతికిన పంచె కట్టుకుని, నుదుట చందనం ఆరకుండానే వీధి అరుగు మీదకు వచ్చి కూర్చునేవారు. దారిన పోయేవాణ్ణి ఆపడం ఆయన పని.

"ఒరే అప్పన్నా, ఎక్కడికిరా ఈ ఎండలో? రా, కాళ్ళు కడుక్కో."

"తినేసినాను బాబూ."

"ఏటి తిన్నావు?"

"సోడంబలి బాబూ."

"అంబలి భోజనమేటిరా? రా, లోపలికి రా."

తాత కాలంలో ఆ పిలుపు కోసం జనం ఆ వేళకు మా వీధిలో పని కల్పించుకునేవారట. నాన్న కాలంలో మా చారు పల్చబడిన కొద్దీ ఆ వేళకు మా వీధి ఖాళీ అయింది. ఎడ్ల బేరం చేసే సింహాద్రి అనేవాడు ఒకసారి చిక్కాడు. తిన్నాడు. వెళుతూ మా పాలేరుతో, "పట్నాయకులు గోరింట తిన్నాక మళ్ళీ ఇంటికెల్లి తినాలి గానీ, మర్యాద మాత్రం బలే మర్యాదరా" అన్నాడట. అది మా అమ్మ చెవిన పడింది. "మీరు పిలవడం, వాళ్ళు పారిపోవడం! రేపట్నుంచి వల పట్టుకుని కూర్చోండి" అంది. నాన్న నవ్వలేదు. ఒక్కోరోజు పోస్టుమాను దొరికేవాడు. ఒక్కోరోజు రెండు గంటలు దాటేది. నేను ఆకలితో స్తంభం పట్టుకుని తిరుగుతూ, దూరాన గొడుగు కనబడితే చాలు, "వస్తన్నాడు, వస్తన్నాడు" అని అరిచేవాణ్ణి.

ఇదంతా ఇప్పుడు రాయడానికి కారణం ఉంది. మొన్న కంటి పరీక్షకని మనవరాలితో విశాఖపట్నం వెళ్ళాను. మధ్యలో ఒక టిఫిను హోటల్లో కూర్చున్నాం. పక్క బల్ల దగ్గర ఇద్దరు నల్లటి, సన్నటి కుర్రాళ్ళు పెసరట్టు తింటూ మాట్లాడుకుంటున్నారు. మొదట వినబడింది గాని తెలియలేదు. తర్వాత ఒక్కసారి, గొళ్ళెం పడ్డ తలుపు తీసినట్టు, వాళ్ళ మాటలు అర్థం కావడం మొదలయింది. అమ్హారిక్ భాష. ఇథియోపియా నుంచి ఇక్కడికి చదువుకోడానికి వచ్చిన పిల్లలు. యాభై ఏళ్ళు దాటి నా నోట రాని భాషలో కుశలం అడిగాను. ఇద్దరూ కుర్చీల్లోంచి లేచారు. పెద్దవాడు రెండు చేతులతో నా చెయ్యి పట్టుకుని, సగం తిన్న పెసరట్టు చూపించి, "ఎన్నిబ్లా" అన్నాడు. రండి, తిందాం అని. తింటున్నప్పుడు ఎవరు ఎదురైనా వాళ్ళు అనే మాట అది. నేను వెళ్ళి వాళ్ళ బల్ల దగ్గర కూర్చున్నాను. మా మనవరాలు నా వంక వింతగా చూసింది.

అరవైల చివర ఇథియోపియా వాళ్ళు బడుల్లో పాఠాలు చెప్పడానికి మన దేశం నుంచి మాస్టర్లను పిలిపించుకునేవారు. నేను లెక్కల మాస్టారుగా వెళ్ళాను. అప్పటికి పెళ్ళి కాలేదు. మా ఊరు దాటి ఒంటరిగా ఉన్నది విజయనగరం కాలేజీలో, అదీ మేనత్త ఇంట్లో. నన్ను వేసిన ఊరు కొండల మీద, రాజధాని నుంచి బస్సులో రెండు రోజులు. ఎక్కడ చూసినా నీలగిరి చెట్లు. పొద్దున్నా సాయంత్రం ఆ ఆకులూ పుల్లలతోనే పొయ్యిలు వెలిగిస్తారు కనుక ఊరంతా జలుబు మందు వాసన. చలి. మధ్యాహ్నం కూడా కోటు విప్పేవాణ్ణి కాదు. వాళ్ళ గడియారం తెల్లవారడంతో మొదలవుతుంది. మనం ఏడంటే వాళ్ళు ఒకటంటారు. నేను బడికి వాళ్ళ లెక్కన వెళ్ళి, భోజనానికి నా లెక్కన కూర్చుని, మనసులో మాత్రం మా ఊరి గంట చూసుకునేవాణ్ణి. ఇక్కడ నేను పాఠం మొదలుపెడుతుంటే అక్కడ నాన్న అరుగు మీదకు వచ్చి ఉంటారు. నేను ఎక్కం రాస్తుంటే అమ్మ చారు కింద మంట తగ్గిస్తూ ఉంటుంది. ఇవాళ ఎవరు దొరికారో!

ఇంటిబెంగ అంటే ఏడుపు అనుకునేవాణ్ణి. కాదు. అది నడుం దగ్గర ఒక బరువు. పొద్దున్న లేవనివ్వదు. నాకు అది మరీ భోజనం వేళ వచ్చేది. కిరసనాయిలు స్టవ్వు మీద నేనే వండుకుని, గోడకు ఎదురుగా పెట్టె మీద పళ్ళెం పెట్టుకుని కూర్చుంటే, పుట్టాక మొదటిసారి నా పక్కన విస్తరి లేదు. మొదటి వారం అన్నం కలపడానికి చెయ్యి రాలేదు. తర్వాత ఒక రెండో పళ్ళెం కొని పక్కన పెట్టుకున్నాను. ఖాళీ పళ్ళెం పక్కన తినడం ఇంకా దుర్భరం. దాన్ని తీసి మంచం కిందకు తోశాను. మాట మరిచిపోతానేమోనని తెలుగులో పైకి మాట్లాడుకుంటూ వండేవాణ్ణి. "ఉప్పు సరిపోయిందా?" అని అడిగి, "సరిపోయింది" అని నేనే చెప్పుకునేవాణ్ణి.

నేనున్నది వైజెరో అస్కాలె ఇంటి పెరట్లో ఒక రేకుల గది. వైజెరో అంటే మన 'గారు' లాంటిది. ఆవిడ విధవ, నడివయసు మనిషి, పొడుగ్గా నిటారుగా నడిచేది. తెల్లటి నూలు శాలువా తల మీద నుంచి జారనిచ్చేది కాదు. ఆవిడ వంటింట్లోంచి రోజు విడిచి రోజు ఒక పుల్లటి వాసన వచ్చేది. ఇంజెర అనే వాళ్ళ రొట్టె పిండి పులుస్తున్న వాసన. మన చోళ్ళకంటే, అంటే రాగులకంటే, సన్నటి గింజ పిండి అది. భారతీయ మాస్టర్లు చాలామంది ఆ వాసన భరించలేమనేవారు. నాకు మాత్రం అది మా నాయనమ్మ తరవాణి కుండ. రాత్రి అన్నంలో గంజి పోసి పులియబెట్టి, పొద్దున్నే ఉల్లిపాయ నంజుకుని తాగే తరవాణి! ఆ వాసన వచ్చిన పొద్దున నేను తలుపు మూసుకునేవాణ్ణి. మూసింది అది లోపలికి రాకుండా కాదు, నా మొహం ఎవరూ చూడకుండా.

అస్కాలె సాయంత్రం కాఫీ గింజలు వేయించేది. పెనం పట్టుకుని వచ్చి ఆ పొగ నా గుమ్మంలోకి విసిరేది. అది పిలుపు. వాళ్ళ పద్ధతిలో కాఫీ ఒంటరిగా తాగరు, ఇరుగుపొరుగును పిలిచి మూడు విడతలు తాగుతారు. "ఆస్తమారీ, రండి" అనేది. ఆస్తమారి అంటే మాస్టారు. నేను గుమ్మంలో నిలబడి, గుండె మీద చెయ్యి పెట్టి, వంగి, వద్దనేవాణ్ణి. ఆవిడా అలాగే వంగి వెళ్ళిపోయేది. మర్నాడు మళ్ళీ పొగ. నేను మళ్ళీ వంగడం. మా ఇద్దరిలో ఎవరి నడుం ముందు నొప్పి పెడుతుందా అన్నట్టు ఉండేది.

ఈ వేడుక చూసి నవ్వేవారు శామ్యూల్ మాస్టారు. ఆయనది టెక్కలి దగ్గర పల్లె. మిషన్ బడిలో చదువుకున్న బాప్టిస్టు కుటుంబం. రెండు కొండల అవతలి ఊళ్ళో సైన్సు చెప్పేవారు. నెలకో శనివారం బస్సు మీద వచ్చి, నా దగ్గర తిని, పడుకుని, ఆదివారం సాయంత్రం వెళ్ళేవారు. మొదటిసారి వచ్చినప్పుడే, "మా మేనమామది మీ ఊరి పేటేనండి మాస్టారూ. సిన్నప్పుడు సెలవులకి వచ్చేవోణ్ణి. మీ నాన్నగారు అరుగు మీద కూకునుంటే దూరం నించి సూసేవోణ్ణి" అన్నారు. పేట అంటే ఊరి చివర ఎవరుండే చోటో ఇద్దరికీ తెలుసు. నేను "ఓహో" అన్నాను. ఆయన చేప కోసం పడే యాతన చెప్పనలవి కాదు. "బావనపాడు ఒడ్డున వల లాగుతుంటే, ఆ ఎగిరే సేపని అలాగే తెచ్చి పులుసు పెడితే... ఇక్కడ కొండెక్కి కూకున్నాం మాస్టారూ, మేకల్లాగ" అనేవారు. ఆయన మాట కోసం నేను ఆ శనివారాలు వేళ్ళ మీద లెక్కపెట్టుకునేవాణ్ణి.

అర్ధ సంవత్సరం గడిచేసరికి నా వల్ల కాలేదు. అన్నం మానేసి టీ, బిస్కట్లతో గడపడం మొదలుపెట్టాను. కోటు వదులైంది. ఆ నెల శామ్యూల్ శుక్రవారం రాత్రికే వచ్చినప్పుడు చెప్పాను: "ఒక్క ప్రయత్నం చేస్తాను. అస్కాలె గారిని నా గదికి భోజనానికి పిలుస్తాను. ఈ ఊరి మనిషి ఒకరు నా ఇంట తింటే ఉంటాను. లేకపోతే సోమవారం హెడ్మాస్టరు దగ్గరికి వెళ్ళి, నన్ను వదిలెయ్యమని అడుగుతాను."

ఆయన నా మొహం కేసి చూసి, ఇది వేళాకోళం కాదని గ్రహించి, "పిలండి" అన్నారు.

అవి వాళ్ళకు ఈస్టరు ముందు పెద్ద ఉపవాసాలు. ఆ సంగతి నాకు తెలుసు. ఏం తింటారు, ఏం తినరు అని శామ్యూల్‌ని అడిగాను. క్రైస్తవుడు కదా, ఆయనకు తెలియకుండా ఉంటుందా! "మాంసం ముట్టరు మాస్టారూ, అంతే. మీ కూరగాయల వంట వాళ్ళకి సరిగ్గా సరిపోద్ది" అన్నారు. ఇక నేను విజృంభించాను. ఉపవాసం ఉన్న మనిషికి మన ఇళ్ళలో ఏం పెడతాం? పాలు, పెరుగు, నెయ్యి. అంతకంటే పవిత్రమైనది ఏముంది? సంతలో వెన్న కొని కరిగించాను. ఆ వాసనకు నాకే కళ్ళు తిరిగాయి. దాచుకున్న బియ్యం తీశాను. ఎర్రపప్పులో నెయ్యి, బంగాళాదుంప వేపుడు నేతిలో, మజ్జిగపులుసు, పాలతో పరమాన్నం. అన్నం మీద మళ్ళీ ఒక గరిటె నెయ్యి. మంచం కిందినుంచి రెండో పళ్ళెం తీసి, మూడోది బడి నుంచి అరువు తెచ్చాను. మధ్యాహ్నం ప్రార్థన ముగించుకుని అస్కాలె వచ్చింది. కొత్త శాలువా వేసుకుంది. పొద్దున్నుంచి ఏమీ తినలేదని పెదవులు చూస్తేనే తెలుస్తోంది. మా నాన్న అరుగు మీద కూర్చునేంత నిటారుగా నిలబడి, "ఎన్నిబ్లా" అన్నాను.

ఆవిడ కూర్చుంది. పళ్ళెం దగ్గరికి చెయ్యి చాచింది. ఆగింది. వంగి వాసన చూసింది. ఒక్కొక్క గిన్నె చూపించి, "వెన్నా?" అని అడిగింది. అవునన్నాను. "పాలా?" అవునన్నాను గర్వంగా. ప్రతి అవునుకీ ఆవిడ మొహం ఇంకాస్త దిగులు పడింది. చివరకు చాలా మెల్లగా, చిన్నపిల్లవాడికి చెప్పినట్టు, ఉపవాసంలో పాలూ వెన్నా కూడా మాంసంతో సమానమని చెప్పింది. పశువు నుంచి వచ్చింది ఏదీ ముట్టరు. నా పళ్ళేల్లో ఉప్పు తప్ప ఆవిడ తినదగ్గది లేదు. లేచి, గుండె మీద చెయ్యి పెట్టుకుని, నేను రోజూ ఆవిడకు వంగినట్టే నాకు వంగి, వెళ్ళిపోయింది.

మా ఇంట్లో విస్తరి ముందు కూర్చున్న మనిషి ముద్ద ఎత్తకుండా లేవడం ఎన్నడూ జరగలేదు. నేను గోడ వైపు తిరిగి నిలబడ్డాను.

"నాను బాప్టిస్టుని మాస్టారూ," అన్నారు శామ్యూల్, నవ్వు ఆపుకోలేక. "మాకీ ఉపవాసాలు నేవు. నాకేటి తెలుస్తాది?"

"సోమవారం వెళ్ళిపోతాను."

"ఎల్లిపోతారేటి? నెయ్యి పోసినందుకా?"

"ఒక్క పరాయి మనిషి నా ఇంట తినలేదు. ఇక్కడ నాకు ఇల్లు లేదని అర్థం."

ఆయన నవ్వు ఆగిపోయింది. పళ్ళెం ముందుకు లాక్కున్నారు. అన్నం కలుపుతూనే, తల ఎత్తకుండా అన్నారు: "ఆరు నెలల్నించి తింతన్నాను కదా మాస్టారూ. నా ఇస్తరి లెక్క నేదేటి?"

నేను గోడ వైపు నుంచి ఇటు తిరిగాను.

"మీ నాన్నగారు దారిన పోయే అందర్నీ పిలిసేవోరు. ఎడ్ల బేరగాణ్ణి పిలిసేవోరు, గాజులోణ్ణి పిలిసేవోరు. ఆకలేసి ఎవులూ దొరక్క సూత్తా కూకునేవోరు. మాం పిల్లలం ఆ సివర నిలబడి, ఇయాల మనల్ని పిలుత్తాడేమోరా అనుకునేవోళ్ళం. పిలవలేదు. సరే, ఆయన కాలం ఆయనది. మీరు పిలిసేరు. నాను తిన్నాను. మల్లీ లెక్క నేదంటే ఎలాగండి?" అని, ముద్ద నోట్లో పెట్టుకుని, "పప్పు బాగుంది. కూకోండి. సల్లారిపోతాది" అన్నారు.

కూర్చున్నాను. ఆయన పక్కనే, గోడకు వీపు పెట్టి. అన్నం కలిపాను. అస్కాలె పళ్ళెం కూడా ఇద్దరం పంచుకున్నాం. మజ్జిగపులుసు ఆయనకు మారు వడ్డించాను. "ఇంకొంచెం," అన్నారు. ఇంకొంచెం వేశాను. ఆ పూట అన్నం రుచి తెలిసింది నాకు. చాలా నెలల తర్వాత.

మర్నాడు ఆదివారం, ప్రార్థన అయ్యాక, పొగ కాదు, అస్కాలె మనిషే మా గుమ్మం ముందుకు వచ్చి నిలబడింది. ఈసారి పిలవలేదు. నా చెయ్యి పట్టుకుంది. శామ్యూల్ వెనకనుంచి, "వంగకండి మాస్టారూ, నడవండి" అన్నారు. ఆవిడ ఇంట్లో నేల మీద పచ్చగడ్డి పరిచి ఉంది. అల్లిన బుట్టబల్ల మీద ఒకే ఒక పెద్ద ఇంజెర, దాని మీద శనగపిండి కూర, పప్పు, ఆకుకూర. అందరికీ ఒకటే పళ్ళెం. ఆవిడ కూజా, గిన్నె తెచ్చి నా ముందు మోకాళ్ళ మీద కూర్చుని నా చేతుల మీద నీళ్ళు పోసింది. మా వంశంలో ఎవరూ వియ్యాలవారింట తప్ప కడగని చెయ్యి. ఆ నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయి. నేను తుడుచుకుంటుండగానే ఆవిడ ఒక ముక్క చింపి, కూరలో చుట్టి, నా నోటి దగ్గరికి తెచ్చింది. గుర్షా అంటారు. మనకు కావలసిన మనిషికి మన చేత్తో తినిపించడం. అమ్మ నాకు ముద్దలు పెట్టడం మానేసిన తర్వాత ఏ చెయ్యీ నా నోటి దాకా రాలేదు. నేను తల వెనక్కి తీశాను. ఆవిడ చెయ్యి కదల్లేదు. ఎంతసేపైనా ఆగే చెయ్యి అది. నోరు తెరిచాను. ముద్ద పెద్దది. నమలడానికి వీల్లేదు, మాట్లాడడానికి వీల్లేదు. పులుపు, కారం, నీలగిరి పొగ, తరవాణి కుండ అన్నీ ఒక్కసారే. కళ్ళ వెంట నీళ్ళు కారాయి.

"కారం," అన్నాను మింగాక.

"కారమేనండి మాస్టారూ," అన్నారు శామ్యూల్ చాలా గంభీరంగా. "కారం కాకపోతే మరేటి!"

సోమవారం బడికి వెళ్ళి పాఠమే చెప్పాను. ఒప్పందం గడువు పూర్తిగా ఉన్నాను. ఆ పైన ఇంకో ఏడాది కూడా. ఈస్టరు దాటాక అస్కాలెను మళ్ళీ పిలిచి నెయ్యి పోసి పెట్టాను. రెండుసార్లు వడ్డించుకుంది. సాయంత్రాలు పొగ గుమ్మంలోకి రాకముందే నేను ఆవిడ గడ్డి మీద కూర్చునేవాణ్ణి. బెంగ పోలేదు. తగ్గి, ఒక మూల సర్దుకుని కూర్చుంది, ముసలి చుట్టంలాగ.

ఇప్పుడు మేం ఉంటున్న విజయనగరంలో పెళ్ళిళ్ళకు వెళితే చేతిలో పళ్ళెం పెట్టుకుని నిలబడి తింటారు. పక్కన ఎవరున్నారో చూడరు. ఇంట్లో మనవలు ఒకడు ఏడింటికి, ఒకడు పదింటికి, ఎవడి గదిలో వాడు. ఎవరికీ ఎవరి కోసమూ ఆగే పని లేదు. ఆకలితో స్తంభం చుట్టూ తిరిగే పని అసలే లేదు. అది సుఖమే. నేను కాదనను. కాని మధ్యాహ్నం పూట వీధిలో గొడుగు కనబడితే నాకు ఇప్పటికీ "వస్తన్నాడు" అని అరవాలనిపిస్తుంది. మా నాన్న నియమం సగమే నియమమని శామ్యూల్ మాస్టారి మాటల్లో నాకు తెలిసిన సంగతి కూడా ఆ వెంటనే గుర్తొస్తుంది. ఆయన కడదాకా నాకు స్నేహితుడు. ఆయన్ను నేను ఎదుట ఎన్నడూ 'గారు' లేకుండా పిలవలేదు.

నేను తిరిగి ఇల్లు చేరిన రోజున నాన్న అరుగు మీద లేరు. కాళ్ళు వాచి, లోపలే కూర్చుంటున్నారు. అమ్మ ఇద్దరికీ వడ్డించింది. ఆయన అన్నం వంక చూస్తూ అడిగారు: "అక్కడ ఎవరింటైనా చెయ్యి కడిగేవా?"

అబద్ధం చెప్పడం మా ఇంట్లో లేదు. "కడిగేను," అన్నాను. "రోజూ."

అమ్మ గరిటె ఆపింది. నాన్న మొహం ఎత్తి నన్ను చూశారు. ఆ చూపు కోసం నేను ఓడ మీద ఉన్నన్నాళ్ళూ సిద్ధపడుతూనే ఉన్నాను.

"ఏటి పెట్టేరు?" అన్నారు.

చెప్పాను. చోళ్ళకంటే సన్నటి గింజ అనీ, పులియబెడతారనీ, ఒకే పళ్ళెంలో అందరూ తింటారనీ చెప్పాను. ముద్ద నోట్లో పెడతారని కూడా చెప్పాను. ఆయన మధ్యమధ్య "ఊఁ, మరి కూరేటి?" అని అడుగుతూ, పక్కన పరాయి విస్తరి లేదన్న సంగతి మరిచి, మొత్తం తినేశారు. చెయ్యి కడుక్కునేటప్పుడు, ఇక ఈ ఇంట్లో పెద్ద పంక్తి వంట ఎవరూ చెయ్యరు, ఆ పెద్ద గిన్నెలన్నీ అమ్మెయ్యండి అన్నారు.

ఆ వేసవిలో మా గుండిగలు, గంగాళాలు, గంజి వార్చే ఇత్తడి సిబ్బులు, పెద్ద అట్లకాడలతో సహా, బుడితి నుంచి వచ్చిన కంచరివాళ్ళకు తూకానికి అమ్మేశాం.